తుంటి కీలుకు పూత ఉన్నది, లెక్క లేదు

అరిగిపోయిన తుంటి కీలును తొలగించి లోహపు కీలును అమర్చడం నేడు ఢిల్లీ ఆసుపత్రులలో వింత కాదు. సిమెంటు వాడకుండా లోహాన్ని ఎముకతో కలపడానికి 1980 దశకం నుంచి దానిపై హైడ్రాక్సీఎపటైట్ పూత పూస్తున్నారు. ఎముకలోని ఖనిజమూ ఆ జాతిదే గనుక, ఎముక ఆ పూతను అల్లుకొని పెరుగుతుందని వైద్యుల ఆశ. ఆశ సహేతుకమే. అయితే ఆశ వేరు, లెక్క వేరు. స్వీడన్‌లో 1979 నుంచి తుంటి శస్త్రచికిత్సలకు జాతీయ రిజిస్టరు ఉన్నది. దానిని పరిశీలించిన వైద్యులు 2010లో ప్రకటించినదేమనగా, కటి ఎముకలో బిగించే గిన్నెలలో పూత ఉన్నవాటినే ఎక్కువగా మార్చవలసి వచ్చిందట! తొడ ఎముకలోకి దిగే కాడ విషయంలో పూత వల్ల చెప్పుకోదగిన మేలు కనిపించలేదు.

మరి మన దేశంలో? 2010 ఆగస్టులో డిప్యూ కంపెనీ తన ఏఎస్ఆర్ తుంటి కీళ్లను ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించుకున్నది. అక్కడ దోషం పూతది కాదు; లోహంపై లోహం ఒరుసుకొని కోబాల్టు, క్రోమియం రక్తంలో కలవడం. ఆస్ట్రేలియా రిజిస్టరు ఈ ప్రమాదాన్ని 2007లోనే పసికట్టింది. మన దేశంలో సుమారు 4,700 శస్త్రచికిత్సలు జరుగగా, 2017లో కేంద్ర ఆరోగ్యశాఖ నియమించిన నిపుణుల సంఘం విచారించేనాటికి ఆచూకీ దొరికినవారు వెయ్యిమంది పైచిలుకే. శస్త్రవైద్యులు తమంతట తాము నడుపుకొనే రిజిస్టరు ఒకటున్నది గాని, అందులో నమోదు స్వచ్ఛందం. కనీసం 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆ సంఘం సిఫారసు చేసింది. సంతోషమే. కాని ఆచూకీ లేని వేలమందికి ఆ సొమ్ము ఏ చిరునామాకు పంపుతారు?