తాడు లాగిన కార్మికుడు

పరదేశములకు ఉద్యోగులను పంపు సంస్థలు, ప్రయాణమునకు ముందు వారిని ఒక పూటయో రెండు పూటలో కూర్చుండబెట్టి, అచ్చటివారు ఎట్లు నమస్కరింతురు, విందులో ఎవరు ఎచ్చట కూర్చుందురు, ఏ మాట అన్నచో నొచ్చుకొందురు అను విషయములను బోధించి, దానినే సాంస్కృతిక శిక్షణ యని తలచుట పరిపాటి. ఇవి తెలిసియుండుట మంచిదే. అయితే పై అధికారికి ఎదురు చెప్పవచ్చునా, పనిలో దోషము కనబడినపుడు ముందుగా ఎవరితో అనవలయును, అన్నవానికి దక్కునది మెప్పా మందలింపా అను ప్రశ్నలకు ప్రతి సమాజమును తనదైన సమాధానమును బాల్యముననే అలవరచును. ఉద్యోగమున చిక్కులు పెక్కు ఈ తావుననే పుట్టును. అమెరికా ప్రభుత్వపు ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో 1950వ దశకపు ఆరంభమున దౌత్యోద్యోగులకు పాఠములు చెప్పిన మానవశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ హాల్ గారు దీనిని గ్రహించి, కాలమును పాటించు తీరు, మాటలాడునపుడు ఇద్దరి నడుమ నుండు దూరము వంటి నిత్యవ్యవహారములను బోధనాంశములుగా గైకొనిరి. 1959లో వెలువడిన ‘ది సైలెంట్ లాంగ్వేజ్’ ఆయన గ్రంథమే.

ఈ శిక్షణ యొక్క సారమును తెలియగోరువారు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కార్ల కర్మాగారపు చరిత్రను చదువవలెను. జనరల్ మోటార్స్ ఆధీనమున నున్నపుడు అచ్చట యాజమాన్యమునకును కార్మికులకును ఉప్పు నిప్పుగా నుండెడిది; ఇంచుమించు ఐదవ వంతు మంది పనికి రాకుండుట వాడుకయై, తుదకు 1982లో దానిని మూసివేసిరి. రెండేండ్లకు జపానుకు చెందిన టయోటా ఆ సంస్థతోనే పొత్తు కలిపి, కర్మాగారమును న్యూమీ అను పేరున తెరచి, పూర్వపు కార్మికులనే అత్యధికముగా తిరిగి తీసికొని, వారిలో కొన్ని వందల మందిని టయోటా నగరమందలి తకవోకా కర్మాగారమునకు పంపి, జపాను కార్మికుల ప్రక్కన నిలిపి పని నేర్పించెను.

అచ్చట కార్ల వరుస కదలుచుండగా, కార్మికుని చేతికందునట్లు ఒక తాడు వ్రేలాడుచుండెడిది. బోల్టు సరిగా బిగియకున్నను, చేయి వెనుకబడినను అతడు దానిని లాగును. దీపము వెలుగును, సంగీతము మ్రోగును, జట్టు నాయకుడు పరుగున వచ్చి సాయపడును. కారు ఆ తావును దాటులోపల చిక్కు తీరనిచో వరుస నిలిచిపోవును. ఫ్రీమాంట్‌లోనో, వరుసను ఆపుట మహాపరాధము. లోపమున్న కారైనను ముందుకు సాగవలసినదే. అట్లు అలవాటుపడినవారు, తప్పును బయటపెట్టినవానికి కోపతాపములు లేక సాయమే లభించుటను కన్నులార చూచిరి. 1984 డిసెంబరులో న్యూమీలో ఉత్పత్తి ఆరంభమైన పిమ్మట, అనతికాలముననే గైరుహాజరు బహుస్వల్పమై, కార్ల నాణ్యము జపాను కార్లకు సాటి వచ్చెను.

నేర్చుకొనవలసినవారు కార్మికులు మాత్రమే యని టయోటా భావింపకుండుట నాకు మిక్కిలి ప్రశంసనీయముగ తోచును. 1983లో జాన్ షుక్ అను అమెరికనుని జపానులోనే ఉద్యోగమున చేర్చుకొని, తన పద్ధతులను అమెరికనులకు బోధించు మార్గమును రూపొందించుటకు ఆయన తోడ్పాటు పొందెను. జనరల్ మోటార్స్ తన అధికారులను న్యూమీకి పంపినను, తిరిగి వచ్చినవారు వేర్వేరు శాఖలకు చెదరిపోవుటచే, ఆ విద్య చిరకాలము సంస్థయందు వ్యాపింపలేదు. అధికారులు మారనిచో మన యొద్దను ఇంతే; మొగమాటము వీడి మాటలాడుడని హైదరాబాదులోని సాఫ్ట్‌వేరు ఉద్యోగులకు ఎంత బోధించినను, గడువు చాలదని చెప్పిన యువకుని చూచి మరునాడు అధికారి ముఖము ముడుచుకొన్నచో, ఆ బోధ అంతటితో సరి.

తరగతి గది వెలుపల నిలిచిపోవువారు మరియొకరున్నారు. పరదేశ నియామకములు విఫలమగుటకు అమెరికా సంస్థలు చెప్పిన కారణములలో మొదటిది జీవితభాగస్వామి అచ్చట ఇమడలేకపోవుటయే యని 1980వ దశకపు తొలినాళ్లలో పరిశోధకురాలు రోసలీ టంగ్ గారు తేల్చిరి. హెచ్-4 వీసాపై భర్త వెంట డల్లాసుకో న్యూజెర్సీకో వెడలి, పని చేయ అనుమతి లేక, ఇరుగుపొరుగు తెలియక, పగలంతయు అపార్ట్‌మెంటులో ఒంటరిగా గడపు మన ఆడబిడ్డలను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. ప్రయాణమునకు ముందు జరుగు శిక్షణలో జీవితభాగస్వామికిని చోటు కల్పించి, బ్యాంకు, వైద్యము, బస్సు, పిల్లల బడి మొదలగు సంగతులను తెలియజేయుటకు సంస్థకు కలుగు వ్యయము బహుస్వల్పము.