ఊరు చెప్పే పేర్లు

తెలుగువారి ఇళ్ళలో బిడ్డ పుట్టిన పదకొండవ నాడో, ఇరవై ఒకటవ నాడో బారసాల చేస్తారు. పళ్ళెంలో బియ్యం పరచి, బంగారు ఉంగరంతో బిడ్డ పేరు రాస్తారు. ఆ పేరు కొన్ని ఇళ్ళలో తాతమ్మది, కొన్ని ఇళ్ళలో ఇలవేల్పుది. ఆడపిల్లకైతే తరచుగా ఒక ఏటినో, ఒక క్షేత్రాన్నో తలచుకొని పేరు పెడతారు. వేలూరు, గుడియాత్తం ప్రాంతాలలోని తెలుగు కుటుంబాలలో ఇటువంటి పేర్లు ఎన్నో వినిపిస్తాయి.

గుడియాత్తం కౌండిన్యనది ఒడ్డున ఉంది. ఈ ఏరు చిత్తూరు జిల్లా కొండలలో పుట్టి, తమిళనాడులోకి వచ్చి పాలారులో కలుస్తుంది. దాని ఒడ్డున గోపాలపురంలో గంగమ్మ గుడి ఉంది. తమిళుల వైకాసి మాసం మొదటి రోజున, అంటే మే నెల నడుమ, అక్కడ శిరస్సు తిరునాళ్ళు జరుగుతాయి. అమ్మవారి శిరస్సును ఊరేగించి తెచ్చి మొండెంపై నిలుపుతారు. దీనికి మూలం రేణుకాదేవి కథ. తండ్రి జమదగ్ని ఆజ్ఞపై పరశురాముడు తల్లి శిరస్సును ఖండించాడు. తరువాత వరం పొంది ఆమెను బ్రతికించేటప్పుడు తల ఒకరిది, మొండెం మరొకరిది అయిందట. ఈ ప్రాంతంలో గంగమ్మ, రేణుక అనే పేర్లకు వెనుక ఈ కథ ఉంది. కాబట్టి ఇక్కడి గంగ హిమాలయాలలో పుట్టిన గంగ మాత్రమే కాదు, ఊరిని కాచే తల్లి కూడా.

ఏరుల పేర్లలో ఒక విచిత్రం ఉంది. గుడియాత్తానికి కృష్ణానది వందల మైళ్ళ దూరం. అయినా కృష్ణవేణి అనే పేరు ఇక్కడి తెలుగు ఇళ్ళలో పరిచితమే. కృష్ణవేణి అన్నది ఆ నదికి సంస్కృతంలో ఉన్న పేరు. నల్లని జడ గలది అనే అర్థం కూడా చెప్పుకోవచ్చు. కావేరి పేరునూ పెట్టుకొంటారు. మరి పక్కనే ఉన్న పాలారు? దానికి క్షీరనది అనే చక్కని పేరున్నా, ఆ పేరు గల ఆడపిల్ల కనిపించడం అరుదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనబడే ఏటి మీద మనసు పోలేదేమో!

క్షేత్రాల పేర్లు ఇంకా ఎక్కువ. కామాక్షి అంటే కంచి, మీనాక్షి అంటే మధుర, విశాలాక్షి అంటే కాశి, భ్రమరాంబ అంటే శ్రీశైలం గుర్తుకు వస్తాయి. వాసవి అనే పేరు పశ్చిమ గోదావరి జిల్లాలోని పెనుగొండను తలపిస్తుంది. వేలూరు కోటలోని జలకంఠేశ్వరాలయంలో అమ్మవారు అఖిలాండేశ్వరి. ఈ ఆలయంలో చాలా కాలం పూజలు లేవు. 1981లో లింగాన్ని మళ్ళీ ప్రతిష్ఠించారు. నేడు అఖిల అని పిలిపించుకొనే పిల్లల పూర్తి పేరు కొన్ని ఇళ్ళలో అఖిలాండేశ్వరే. వేళాంగణి మాతకు మొక్కుకొన్నవారు బిడ్డకు వేళాంగణి అనీ, నాగూరు దర్గాకు మొక్కుకొన్నవారు నాగూర్‌బీ అనీ పెట్టుకోవడమూ ఉంది.

అన్నిటిలోకి అందమైన ప్రయాణం అలివేలు అనే పేరుది. తమిళంలో అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే స్త్రీ. పువ్వు మీద కొలువైన తల్లి అలర్‌మేల్‌మంగై తిరుచానూరులో అలమేలుమంగ అయింది. అన్నమాచార్యుల సంకీర్తనలలో ఆమె ఈ పేరుతోనే కనిపిస్తుంది. తెలుగు పల్లెల్లో ఆమే అలివేలు, అలివేలమ్మ. తమిళనాడులోని తెలుగు ఇంట అలివేలు పుట్టిందంటే, ఆ పేరు పుట్టింటికి తిరిగి వచ్చినట్లే.

ఊరి పేరును బిడ్డకు పెట్టడం ఇతర దేశాలలోనూ ఉంది. నర్సుల వృత్తికి గౌరవం తెచ్చిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది. అందుకే ఆ పేరు. ఆమె అక్క నేపుల్స్ నగరంలో పుట్టినందున, ఆ నగరపు ప్రాచీన గ్రీకు పేరైన పార్థినోపీ అని పిలిచారు.

తమిళనాడులోని తెలుగువారి విషయంలో మరొక సంగతి గమనించాలి. తెలుగువారికి పేరుకు ముందు ఇంటిపేరు ఉంటుంది. చాలా ఇంటిపేర్లు ఊరి పేర్లే. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని వాడే అలవాటు ఎక్కువ. ఆ అలవాటులో పడిన కుటుంబాలలో ఇంటిపేరు మరుగున పడింది. తాతలు ఏ ఊరి నుండి వచ్చారో చెప్పే గుర్తు పోయింది. మిగిలింది అమ్మాయి పేరు. దానికీ ఒక చిక్కు ఉంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరం; ప, ఫ, బ, భ లకూ ఒకే అక్షరం. గంగ అని రాసినది తెలియనివారు చదివితే కంగా అవుతుంది, భారతి పారతి అవుతుంది. తమిళంలో రాసిన పేరును చూసి తెలుగులోకి ఎత్తి రాసేటప్పుడు తప్పు దొర్లేది ఇక్కడే. అందువల్ల బడిలో చేర్చేటప్పుడే తెలుగులో పేరు ఎలా రాయాలో పెద్దలు ఒక కాగితం మీద రాసి ఇవ్వడం మంచిది. ఇంటిపేరు తెలిసిన అవ్వ ఉంటే, ఆ కాగితం మీద దానిని కూడా రాయించుకోవచ్చు.