దారి తప్పడమూ చదువే!

ఇరవై ఏళ్లుగా పిల్లల తప్పులను ఎర్రసిరాతో దిద్దుతున్నవాణ్ణి. నా తప్పు మీద నేనే ఎర్రగీత గీసుకోవలసిన రోజు వస్తుందని ఏనాడూ అనుకోలేదు. అది కిందటి మే నెలలో, స్వీడన్ దేశంలో, స్టాక్‌హోమ్ శివారు అడవిలో వచ్చింది.

మా చెల్లెలి కాపురం అక్కడ. దాని కూతురికి పన్నెండేళ్లు. "మామయ్యా, ఆదివారం ఓరియెంటీరింగుకు వస్తావా?" అంది. పటమూ దిక్సూచీ పట్టుకొని, అడవిలో అక్కడక్కడ కట్టిన నారింజ, తెలుపు రంగుల గుడ్డ గుర్తులను వరుసగా వెతికి పట్టుకోవాలట. ఒక మజిలీ నుంచి మరొక మజిలీకి ఏ దారిన పోవాలన్నది ఎవరి తెలివి వారిది. ముందు ముగించినవారిదే గెలుపు.

మొదట ఇది స్వీడన్ సైనికుల శిక్షణ. 1897లో నార్వేలో పౌరులకు పోటీ జరిగింది. ఆటల మీద కుర్రకారుకు ఆసక్తి తగ్గుతోందని ఎర్న్‌స్ట్ కిల్లాండర్ అనే సైనికాధికారి 1919లో స్టాక్‌హోమ్ పక్కనున్న నాకాలో పెద్ద పోటీ పెట్టాడు. అక్కడి నుంచి ఆట ఊపందుకుంది. 1966లో ఫిన్లండ్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి.

సరే, బయలుదేరాం. "నేను వెంట ఉంటాను గాని దారి చెప్పను సుమా!" అంది మేనకోడలు.

నా మొదటి తప్పు రంగుల్లో జరిగింది. అడవి అంటే ఆకుపచ్చ అనుకున్నాను. ఈ పటంలో హాయిగా పరుగెత్తగల అడవి తెలుపు. ఆకుపచ్చ ఎంత ముదిరితే చెట్లూ పొదలూ అంత దట్టమన్నమాట! నేను దగ్గరదారి అనుకొని ఆ ఆకుపచ్చలోకే నిటారుగా దూరాను. గీరుకుపోయిన చేతులతో బయటపడేసరికి, చుట్టూ బాట మీద వచ్చినవాళ్లు ఎప్పుడో దాటిపోయారు.

రెండో తప్పు ఇంకా పెద్దది. నాలుగో మజిలీ ఒక గుట్ట మీద. గుట్ట ఎక్కాను. గుర్తు లేదు. పటంలో గుట్టకు దక్షిణాన చిన్న చెరువుంది, ఇక్కడ లేదు. "మే నెల కదా, ఎండిపోయి ఉంటుంది" అన్నాను, ఒంటి మీద స్వెట్టరు ఉందన్న సంగతి మరిచిపోయి. తూర్పున ఉండవలసిన బాట పడమర కనిపించింది. "పటం పాతదేమో" అన్నాను.

పిల్ల నవ్వింది. "చెరువు ఎండిపోయింది, బాట పక్కకు జరిగింది. మనం మాత్రం సరిగ్గానే ఉన్నామా, మామయ్యా?"

నాకు నోట మాట రాలేదు.

"ఆఖరుసారి ఎక్కడున్నావో నీకు నిశ్చయంగా తెలుసు?" అని అడిగింది. "చెక్కవంతెన దగ్గర" అన్నాను. మారుమాట లేకుండా వెనక్కి నడిచాం. అక్కడ పటాన్ని ముల్లుకు సరిగా తిప్పి చూస్తే తెలిసింది: పక్కపక్కనే కవలల్లాంటి గుట్టలు రెండు. నేను ఎక్కింది రెండోదాన్ని! ఈసారి ముందు చెరువు గట్టు చేరుకున్నాం. అక్కడి నుంచి దిక్సూచి చూసుకుంటూ, అడుగులు లెక్కపెట్టుకుంటూ మెల్లగా వెళితే గుర్తు ఎదురుగానే ఉంది.

ఆట ముగిశాక అందరూ కాఫీ తాగుతూ తాము నడిచిన దారిని పటం మీద ఎర్రకలంతో గీసుకుంటారు. గెలిచినవాడు కూడా "ఇదిగో, ఇక్కడ అరనిమిషం పోయింది" అని చూపిస్తాడు. నేను పోగొట్టుకున్నది ముప్పయి అయిదు నిమిషాలు! సిగ్గుపడుతూనే గీశాను. ఎవరూ నవ్వలేదు సరికదా, ఎక్కడ తప్పానో నాతో కలిసి వెతికారు.

తిరిగి వచ్చాక తరగతిలో ఒక కుర్రవాడు పద్యానికి గణవిభజన చేశాడు. మూడో గణం దగ్గర తప్పి, లెక్క సరిపెట్టడానికి గురువులను లఘువులు చేసుకుంటూ పోయాడు. ఇదివరకైతే పొడుగునా ఎర్రగీత గీసి పారేసేవాణ్ణి. ఆ రోజు కలం మూసి, "ఎంతవరకు నీకు నిశ్చయంగా తెలుసు, నాయనా?" అన్నాను.

"రెండో గణం దాకా, మాస్టారూ."

"అయితే అక్కడికి వెళ్దాం పద" అన్నాను. మిగతా దారి వాడే కనుక్కున్నాడు.