దీపమునకు తగిన చోటు

సోదరీమణులు నేటి సాయంకాలము ఒక చిన్న పరీక్ష చేసి చూడవలెనని మా కోరిక. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట వంటయింటి దీపము వెలిగించి, పొయ్యిగట్టు నొద్ద మీరు నిత్యము నిలుచు చోటనే నిలిచి, కూర తరుగు పలకమీద చేతులుంచి చూడుడు. ఆ చేతులమీద పడుచున్నది దీపపు వెలుగా, మీ నీడయా? మేమెఱిగిన యిండ్లలో పెక్కింటియందు నీడయే పడుచున్నది. దీపము గది నడుమ కప్పునకు బిగింపబడి యుండును; గట్టు గోడ నానుకొని యుండును; వండునామె గోడవైపు మొగమై నిలుచును. ఇక దీపము ఆమె వీపును గాక మఱి దేనిని చూడగలదు? బల్బు చాలలేదని తలచి మఱింత పెద్దదానిని తెచ్చి పెట్టుదురు. గదియంతయు వెలుగును, నీడ మాత్రము చేతులను విడువదు.

మన ముత్తవ్వల కాలమున ఈ చిక్కు లేదు. అప్పుడు దీపము చేతితో మోసికొనిపోవు వస్తువు. ఆముదపు ప్రమిదె యైనను, తరువాత వచ్చిన కిరసనాయిలు బుడ్డి యైనను, లాంతరైనను, పనియున్న చోటికి తానే వచ్చెడిది. పాత యిండ్లలో గోడలకు గూళ్ళు ఉంచిన తీరు చూచినవారికి ఆ కట్టినవారి యాలోచన తెలియును. గడప ప్రక్క నొకటి, పొయ్యి ప్రక్క నొకటి, మెట్ల మలుపున నొకటి. ఎక్కడ చేయి పనిచేయునో, ఎక్కడ కాలు తడబడునో అక్కడ గూడుండెడిది. ఆ వెలుగు కొంచెమే. పొగకు కన్నులు మండెడివి. ఆ రోజులు మరల రావలెనని మేము కోరము. కాని దీపము పని ప్రక్కన నుండెడిది. కరెంటు వచ్చిన పిమ్మట అది కప్పెక్కి కూర్చున్నది. పనియే దానిని వెదకికొని పోవలసి వచ్చినది.

మా యింటి సంగతియే చెప్పెదము. ఇప్పటి యిండ్లలో కప్పు పోయుటకు ముందే ఇనుపకమ్ముల నడుమ తీగలు పోవు గొట్టములు పఱతురు. కప్పు దీపముల చోట్లు ఆ దినముననే స్థిరమైపోవును. ఆనాడు మేస్త్రి మమ్మడిగినది ఒక్కటే ప్రశ్న: గదికి ఒక దీపమా, రెండా? ఎక్కడ అని యాతడడుగలేదు. చెప్పవలెనని మాకును తోచలేదు. పొయ్యి ఏ మూల నుండవలెనో వాస్తు చూపించి, ముహూర్తము పెట్టించి, దీపమెక్కడ నుండవలెనో మాత్రము ఎవరును విచారింపకపోతిమి. పాలు పొంగించినది పట్టపగలు గనుక లోపము బయటపడలేదు. ఆ రాత్రియే పడినది. అటుపిమ్మట నాలుగేండ్లు పోపులో ఆవాలు చిటపటలాడుట చెవితో విని తెలిసికొంటిమే గాని కంటితో చూచి యెఱుగము. వంకాయలో పురుగు కనబడక తరిగిన దినములు గలవు. వ్రేలు తెగిన దినములును గలవు. మా అజాగ్రత్త యని మమ్ము మేమే నిందించుకొంటిమి.

చివరకు చేసిన పని చాల చిన్నది. గట్టుపైని గోడ అలమార అడుగున, దాని ముందంచునకు దగ్గఱగా, సన్నని పొడవాటి ఎల్.ఇ.డి. దీపము నొకదానిని బిగించితిమి. అలమార అంచు అడ్డముండుటచే దీపము కంటికి కనబడదు. వెలుగు మాత్రము పలకమీద పడును. దాని ఖరీదు ఒక మామూలు చీర ఖరీదునకు మించలేదు. పొయ్యికి సరిగా పైన మాత్రము దీనిని పెట్టరాదు. ఆవిరియు, నూనె జిడ్డును దానిని త్వరలో పాడుచేయును. పొగగొట్టపు యంత్రమున్న వారికి అందులోనే దీపముండును.

ఇంత చిన్న దీపము అంత పని యెట్లు చేయుననగా, దూరములో నున్నది రహస్యము. చిన్న దీపమునుండి దూరము రెండింతలైనచో వస్తువుమీద నేరుగా పడు వెలుగు నాలుగవ వంతగును. పదియడుగుల కప్పునుండి గట్టువఱకు సుమారు ఏడడుగులు. అలమార అడుగునుండి అడుగుముక్కాలు. దూరము నాలుగవ వంతైనది గనుక, అంతే శక్తిగల దీపము సుమారు పదునాఱు రెట్లు వెలుగునిచ్చునన్నమాట. గోడలనుండి తిరిగివచ్చు వెలుగుచే ఈ లెక్క కొంత మాఱును గాని దగ్గఱి దీపమునకు గల బలము పోదు.

పాత తీగ బల్బును అలమార క్రింద పెట్టుటకు వీలు లేకుండెను. అది పుచ్చుకొన్న విద్యుత్తులో నూటికి తొంబది పాళ్ళకు పైగా వేడియైపోయెడిది. ఎల్.ఇ.డి.లలో ఎఱుపు, ఆకుపచ్చ వెలుగులు మునుపే యున్నను, నీలి వెలుగునిచ్చునది సరిగా కుదురుటకు చాలకాలము పట్టినది. అది లేనిదే ఇంటికి పనికివచ్చు తెల్లని వెలుగు లేదు. దానిని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా యనువారలకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. మన దేశమున 2015 జనవరి 5న ఉజాలా పథకము ప్రారంభమైన పిమ్మట ఈ బల్బులు చౌకగా పల్లెలకు సైతము చేరినవి. అయితే కొత్తబల్బును పాతబల్బు చోటనే తగిలించి ఊరకుంటిమి. వేడి తక్కువగల ఈ దీపము అలమార క్రిందికి, బట్టల బీరువాలోనికి, మెట్ల ప్రక్కకు పోగలదని తలచినవారు తక్కువ.

అంగడిలో వాట్లు చూచి బల్బు కొనుట మన పాత అలవాటు. వాట్లు ఖర్చగు విద్యుత్తును మాత్రమే చెప్పును. వెలుగెంతో తెలియుటకు పెట్టెమీది ల్యూమెనుల అంకె చూడవలెను. తొమ్మిది వాట్ల మంచి ఎల్.ఇ.డి. బల్బు ఎనిమిదివందల ల్యూమెనులకు అటునిటుగా నిచ్చును. ఇది పాత అఱువది వాట్ల బల్బునకు తీసిపోదు. కెల్విను అంకె వెలుగు రంగును తెలుపును: 2700 మొదలు 3000 వఱకు పాత బల్బువలె పసుపు ఛాయ, 4000 మధ్యస్థము, 6500 నీలి తెలుపు. మనవారు తెల్లనిదే ఎక్కువ వెలుగని భ్రమపడి ఇల్లంతయు 6500 తగిలింతురు. వంటగట్టునకు 4000 చాలును. పడకగదిలో రాత్రివేళ పసుపు ఛాయయే మేలు. నీలిపాలెక్కువగల వెలుగు నిద్రను వెనుకకు నెట్టునని వైద్యులు చెప్పుదురు. వాకిటిలో కూడ పసుపు దీపమే పెట్టి చూడుడు. తొలకరి వానకు లేచు ఉసిళ్ళు దానిమీదికి తక్కువగా వచ్చును. వానిని పట్టుటకై గోడమీద చేరు బల్లులును తగ్గును.

మఱియొక అంకె గలదు. దానిని స్త్రీలు తప్పక తెలిసికొనవలెను. అంగడిలో కుంకుమరంగని కొన్న చీర ఇంటిలో ఇటుకరంగుగా కనబడుట మీకును అనుభవమై యుండును. రంగులను ఉన్నవున్నట్లు చూపు శక్తిని సి.ఆర్.ఐ. అను అంకెచే కొలుతురు. పగటి వెలుగునకది నూఱు. సామాన్యమైన బల్బులకు ఎనుబది. తొంబదియు నంతకు మించియు నున్నవి సయితము దొరకును. అద్దము ముందఱను, బీరువా యొద్దను అట్టివి పెట్టినచో రవికకు చీర కుదిరినదో లేదో వాకిటిలోనికి పోయి చూడనక్కఱలేదు. అద్దపు దీపమును తలపైన గాక ఇరుప్రక్కల ముఖము ఎత్తున పెట్టుడు. తలపైని దీపము కన్నుల క్రింద నీడలు వేసి, లేని వయస్సును తెచ్చిపెట్టును!

ముందుగదిలో జరుగు పొరపాటు వేఱు. కప్పు దీపమును పంకా ఱెక్కలకు పైగా వచ్చునట్లు పెట్టుదురు. ఱెక్కలు తిరిగినంతసేపు గోడలమీద నీడలు మినుకుమినుకుమని పరుగెత్తును. పిల్లలు తలనొప్పి యన్నచో చదువెగవేయుటకై యని కోపపడుటకు ముందు ఒకసారి పైకి చూడుడు. చదువుకొను బల్లకు ప్రత్యేకముగా దీపముండవలెను. కుడిచేత వ్రాయువారికి ఎడమవైపునను, ఎడమచేత వ్రాయువారికి కుడివైపునను.

స్నానపుగదికి నీరు చొరని మూతదీపము కావలెను. పెట్టెమీద ఐ.పి. 44 గాని అంతకు మించిన అంకె గాని చూచి కొనుడు. మీట గది వెలుపలనే యుండవలెను. మేడమెట్లకు క్రింద నొకటి, పైన నొకటి, రెండు మీటలు. ఏ కొననుండి యైనను వెలిగించి ఆర్పవచ్చును. దేవునిగదిని గూర్చి మేమేమియు చెప్పము. అక్కడి దీపము చోటు మీకు బాగుగా తెలియును.

అద్దెయింట నున్నవారు గోడలు తొలుచుటకు వీలులేదని నిరాశపడవలదు. చార్జి చేసికొని అంటించుకొను చిన్న దీపములు ఇప్పుడు అంతట దొరకుచున్నవి. సొంతయింటి వారైనను వెంటనే గోడ కొట్టింపక, పొడవు తీగకు బల్బు తగిలించి, రాత్రివేళ ఒకరు దానిని పట్టుకొనగా మఱియొకరు పని చేసి చూడుడు. నాలుగుచోట్ల మార్చి చూచినచో తగిన చోటు తెలిసిపోవును. అక్కడ సుద్దతో గుఱుతు పెట్టి, అటుపిమ్మట కరెంటు పనివానిని పిలువుడు. సుద్ద మీ చేతిలోనే యుండవలెను.

ఈ చివరి సంగతిని వ్రాయుటకు మాకు కష్టముగా నున్నది. మా అత్తగారు డెబ్బదిరెండవ యేట ఒక రాత్రి స్నానపుగది గడప యొద్ద తట్టుకొని పడిరి. తుంటి యెముక విఱిగినది. దీపము లేకకాదు. మీట ఆమె మంచమునకు ఎనిమిదడుగుల దూరమున, తలుపు ప్రక్క నుండెను. దానిని చీకటిలో తడవి వేసినచో గదియంతయు ఒక్కసారి భగ్గుమని వెలుగును. ప్రక్క నిద్రించు మనుమలు లేతురు. అందుచేత ఆమె ఎన్ని రాత్రులో దీపము వేయకయే నడచినారట. అఱువదేండ్లవారి కంటిలోపలికి చేరు వెలుగు ఇరువదేండ్లవారికి చేరు దానిలో సుమారు మూడవ వంతు మాత్రమేయని అటుపిమ్మట తెలిసికొంటిమి. కంటిపాప చిన్నదగును, లోపలి కటకము పసుపువాఱును. శుక్లములు ముదిరినచో మూత లేని బల్బు కన్నులకు ములుకువలె గ్రుచ్చుకొనును. కావున పెద్దవారికి నడుచు చోట వెలుగు కావలెను, దీపము కంటబడరాదు.

ఆమె ఆసుపత్రినుండి వచ్చిన వారమున, మంచమునుండి స్నానపుగది వఱకు నేలకు జానెడెత్తున మూడు చిన్న పసుపు దీపములు పెట్టించితిమి. అవి పాదములకు మాత్రమే వెలుగునిచ్చును. పిల్లల మొగములమీద పడవు. మంచముమీదినుండియే చేయి చాచి వేయుటకు ఒక మీటయు పెట్టవలసి వచ్చినది. పనివాడు దానిని ఎక్కడ బిగింపవలెనని యడుగగా మేము చెప్పబోతిమి. ఆమె మమ్ము వారించి, దిండుకు చేరగిలబడి, కన్నులు మూసికొని చేయి చాచి, గోడమీద వ్రేళ్ళు తగిలిన చోటును చూపిరి. మీట అక్కడనే యున్నది.