మూడు బాణాలు తిరిగేదెలా?

నీళ్ళ సీసా అడుగునో, అట్టపెట్టె మీదో ఒకదాన్నొకటి తరుముకుంటున్న మూడు బాణాల గుర్తును మీరు చూసే ఉంటారు. దాన్ని గీసినవాడు ఒక విద్యార్థి. 1970లో అమెరికాలో ఒక అట్టపెట్టెల కంపెనీ పెట్టిన పోటీకి, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న గ్యారీ ఆండర్సన్ దాన్ని పంపి గెలిచాడు. వాడేసిన వస్తువు ముడిసరుకై, మళ్ళీ కొత్త వస్తువుగా తిరిగి రావాలని ఆ గుర్తుకు అర్థం. దీన్నే రీసైక్లింగ్ అంటారు.

గీయడం సరే, ఆ బాణాలు నిజంగా తిరగాలంటే ఏం చేయాలి? ఒక విశ్వవిద్యాలయాన్నే తీసుకుందాం. అదొక చిన్న ఊరు. మెస్సులో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, ఆఫీసుల్లో కాగితం, ప్రయోగశాలలో పగిలిన గాజు. విడివిడిగా ఉన్నంతసేపూ వీటిలో చాలావరకు సరుకే. అన్నీ ఒకే బుట్టలో పడ్డాయా, ఇక చెత్తే!

ఎందుకంటారా? కాగితమంటే సెల్యులోజ్ పీచులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న పొర. ఆ పట్టు హైడ్రోజన్ బంధాలది. పాత కాగితాన్ని నీళ్ళలో వేసి చిలికితే పట్టు వదిలి గుజ్జవుతుంది. గుజ్జును జల్లెడ మీద పలచగా పరచి, నీరు పిండి ఆరబెడితే పీచులు మళ్ళీ చేతులు కలుపుతాయి. అదే కాగితానికి నూనె అంటిందనుకోండి. నూనె నీటిలో కలవదు కదా, పీచులనే అంటిపెట్టుకుంటుంది. అక్కడ బంధాలు సరిగా ఏర్పడవు, కొత్త కాగితంలో మచ్చలు పడతాయి. కాబట్టి నిన్నటి ప్రశ్నపత్రం పనికొస్తుంది కాని, బజ్జీలు చుట్టిన ప్రశ్నపత్రం పనికిరాదు.

శుభ్రమైన కాగితమైనా ఎన్నిసార్లంటే అన్నిసార్లు తిరగదు. తడవకింత పీచు పొట్టిదవుతూ, సుమారు 5 నుంచి 7 తడవలకు కాగితంగా నిలవలేనిదవుతుంది. అల్యూమినియం అలా కాదు. ఎన్నిసార్లు కరిగించినా అల్యూమినియమే. పైగా ఖనిజం నుంచి తీయడానికయ్యే శక్తిలో 5 శాతంతోనే పని జరిగిపోతుంది.

గాజు సంగతి వేరు. పరీక్షనాళికలు చాలావరకు బోరోసిలికేట్ గాజువి. సీసాల గాజు కరిగే వేడికి అది సరిగా కరగదు. కొత్త సీసాలో గడ్డగా మిగిలి, అక్కడే బీటకు దారితీస్తుంది. ప్రయోగశాల గాజుకు వేరే డబ్బా ఉండాలనేది అందుకే. కాని నన్నడిగితే మొదటి కారణం ఇది కాదు. కలగాపులగపు బుట్టలో చేయిపెట్టి ఏరేది ఊడ్చే మనిషి. తెగేది ఆమె చేయి.

అందుచేత విడదీయడమనేది చెత్త పుట్టినచోటే జరగాలి. మన దేశంలో 2016 నాటి నియమాలు కూడా తడి, పొడి, ప్రమాదకరమైన చెత్తలను అక్కడే వేరుచేయమన్నాయి. డబ్బాలను పక్కపక్కనే పెట్టాలి. ఒకటి దూరంగా ఉంటే అంతా దగ్గరిదానిలోకే పోతుంది. కాగితాల డబ్బా మూతకు సన్నని చీలిక, సీసాలదానికి గుండ్రని రంధ్రం పెడితే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. బోర్డు మీది అక్షరాలకన్నా అదే నయం.

ఆ తరువాత తూకం. 2001లో అమెరికాలోని ఒహాయో, మయామీ విశ్వవిద్యాలయాలు రీసైక్లింగ్‌లో పోటీపడ్డాయి. తరువాత వందలాది విద్యాసంస్థలు అందులో చేరాయి. ఎవరు తలకు ఎక్కువ బరువు రీసైక్లింగుకు పంపితే వాళ్ళది గెలుపు. ఇందులో ఒక చిక్కుంది, గమనించారా? కాగితం దండిగా వాడి పారేసినవాళ్ళకే మార్కులు ఎక్కువ! అందుకే మొత్తం చెత్త తలకు ఎవరిది తక్కువో చూసే పోటీ కూడా పెట్టారు. కాగితానికి రెండోవైపు కూడా రాసుకునే విద్యార్థి వల్ల ఈ లెక్కలో లాభం, మొదటి లెక్కలో నష్టం.