వల ఉన్నచోటే అల్లిక

బ్రెజిలు అనగానే మనకు కాఫీగింజలు, ఫుట్‌బాల్ ఆట జ్ఞాపకం వస్తాయి. ఆ దేశపు దక్షిణభాగాన, అట్లాంటిక్ మహాసముద్రంలో ఒక దీవిమీద వెలసిన నగరానికీ, మన పెనుకొండ, ధర్మవరాలకూ చుట్టరికం ఉన్నదంటే పాఠకులు నవ్వవచ్చు. ఆ చుట్టరికం సంగతే చెప్పదలచుకున్నాను.

ఆ నగరం పేరు ఫ్లోరియనోపోలిస్. శాంతా కతరీనా రాష్ట్రానికి రాజధాని. దీవి పొడవు 54 కిలోమీటర్లు, వెడల్పు 18. 2022 జనాభా లెక్కల ప్రకారం నగరంలో 5 లక్షల 37 వేలమంది ఉన్నారు. మా మేనల్లుడికి అక్కడ ఉద్యోగం కావడంవల్ల, వేసవి సెలవులివ్వగానే హిందూపురంలో బయలుదేరి, బెంగుళూరులో విమానమెక్కాను. మన మే నెల ఎండల్లోంచి తిన్నగా వాళ్ళ చలికాలపు వాకిట్లో దిగాను. భూగోళానికి అవతలి సగంలో ఋతువులు తారుమారు గదా!

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అక్కడివారి పోర్చుగీసు భాష ఒక్క ముక్క రాదు. అయినా అంగడికి వెడితే చెవులు నిక్కబొడుచుకున్నాయి. చొక్కా బొత్తాన్ని వాళ్ళు ‘బొతావ్’ అంటున్నారు. అల్మారా ‘అర్మారియో’. తువ్వాలు ‘తొవాల్యా’. నీళ్ళ బాల్చీ అయితే ఇంచుమించు బాల్చీయే!

“ఏం మామా, వీళ్ళు తెలుగు నేర్చినారా?” అని మావాడు నవ్వాడు.

నేర్చినది మనమే. 1500 మార్చిలో లిస్బన్ నుంచి ఇండియాకు బయలుదేరిన కబ్రాల్ ఓడలు, ఏప్రిల్ 22న బ్రెజిలు తీరం చూశాయి. అదే ప్రయాణంలో సెప్టెంబరుకు కళ్ళికోట చేరాయి. 1510లో పోర్చుగీసులు గోవా పట్టుకున్నారు. విజయనగర ప్రభువులకు గుర్రాలమ్మారు. 1565లో తళ్ళికోట యుద్ధం ముగిశాక రాజధాని పెనుకొండకు తరలివచ్చింది. ఇటు వచ్చిన ఆ జాతి మాటలు కొన్ని మన ఇళ్ళలో బొత్తాలై, బాల్చీలై స్థిరపడ్డాయి. మన అనంతపురం సీమ మెట్టచేలను పోషించిన వేరుశనగకు కూడా దక్షిణ అమెరికాయే పుట్టిల్లు.

ఇక ఊరి సంగతి. దీవిని ప్రధానభూమితో కలిపే పాత ఇనుప వేలాడువంతెన ఆ ఊరికి గుర్తు. 1926లో ప్రారంభమైంది. పొడవు 819 మీటర్లు. దాన్ని తలపెట్టిన గవర్నరు ఎర్సీలియో లూజ్ 1924లోనే జబ్బుపడితే, ఆయన కళ్ళారా చూసుకోవాలని చెక్కతో చిన్న నమూనా వంతెన కట్టి, ఆయనచేత ప్రారంభం చేయించారట. అసలు వంతెనను ఆయన చూడలేదు. దానికి ఆయన పేరే పెట్టారు. 1982లో ప్రమాదకరమని వాహనాలు ఆపారు. మధ్యలో కొన్నాళ్ళు కొద్దిపాటి రాకపోకలకు వదిలినా, 1991లో పూర్తిగా మూశారు. పక్కన రెండు కొత్త వంతెనలున్నవి గదా అని పాతదాన్ని పాత ఇనుముకింద అమ్ముకోలేదు. ఏళ్ళతరబడి ఖర్చుపెట్టి బాగుచేసి, 2019 డిసెంబరు 30న మళ్ళీ తెరిచారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం వంతెన కాదు, లేసు. 1748 - 1756 సంవత్సరాల మధ్య అసోర్స్ దీవులనుంచి సుమారు 6 వేలమంది ఈ తీరానికి వలసవచ్చారు. మగవాళ్ళు చేపలవేటకు పోతే, ఆడవాళ్ళు ఇంటిపట్టున లేసు అల్లేవారు. ‘వల ఉన్నచోట అల్లిక ఉన్న’దని అక్కడొక సామెత. లగోవా అనే ఉప్పుసరస్సు ఒడ్డున ఒక వీధికి అల్లికవనితల వీధి అనే పేరు. ఇప్పుడు దానినిండా హోటళ్ళే.

ఆ దాపుననే ఒక అవ్వ పని చూశాను. మన నర్సాపురం లేసు కొక్కెంతో అల్లేది, ఇది కండెలతో అల్లేది. గట్టిగా కూరిన గుండ్రటి దిండుమీద చిల్లులు పొడిచిన అట్ట. చిల్లుకొక గుండుసూది. దారం చుట్టిన కొయ్యకండెలు జతలుజతలుగా వేలాడుతుంటే, అవ్వ వాటిని టకటకా అటూ ఇటూ మారుస్తున్నది. చిల్లుల అట్టను చూడగానే ధర్మవరం జాకార్డు మగ్గం జ్ఞాపకం వచ్చింది. అక్కడా పువ్వు ఎక్కడ పూయాలో చెప్పేది చిల్లుల అట్టే!

“కూతుళ్ళు నేర్చుకున్నారా?” అని మావాడిచేత అడిగించాను.

“ఒకతె నేర్చింది. ఇప్పుడు అంగట్లో గుమాస్తా. జీతం నెలనెలా వస్తుంది. నా అల్లికకు కొనేవాడు రావాలి గదా!”

ఇంతలో ఒక యాత్రికురాలు వచ్చి, అవ్వ మూడువారాలు అల్లిన గుడ్డ ధర అడిగి, పెదవి విరిచి, పక్క దుకాణంలో మరలేసు కొనుక్కుపోయింది.

ఈ నాటకం మనకు కొత్త కాదు. హిందూపురం మార్కెట్టులో పట్టుగూళ్ళు రాసులు పోస్తారు. రైలెక్కి పెనుకొండ దాటితే ధర్మవరం. అక్కడ గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న నేతగాడు చెప్పేదీ అవ్వ మాటే. అంచుచీరల వంటి కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. అయినా మరమగ్గంమీద నేసిన నకలును చేనేత అని అమ్మేవారున్నారు. ఆ ధరకే అసలు చీర ఇమ్మని అడిగేవాళ్ళం మనమూ ఉన్నాం.

ఫ్లోరియనోపోలిస్ నగరపాలకులు సరస్సు దగ్గరి ఒక పాతభవనంలో లేసు అల్లికకోసం కేంద్రం ఏర్పాటు చేశారు. మంచిదే. కాని వంతెన ఇనుము. దానిని ఏళ్ళతరబడి మూసిపెట్టి, తీరికగా బాగుచేయవచ్చు. చేతిపని అట్లా కాదు. ఒక్క తరం మూతబడితే తెరిచేవారుండరు.

బాల్చీ అన్న మాట కానీ ఖర్చు లేకుండా నూరేళ్ళకు నూరేళ్ళు బతికింది. మాటకు పలికే నోరుంటే చాలు. మగ్గానికి మాత్రం చేతులు కావాలి. ఆ చేతులకు కూలి గిట్టాలి. ఈసారి పెళ్ళికి చీర తీసేటప్పుడు, ధర వినగానే పెదవి విరవకుండా, ఇది నేసినవారికి ఎన్ని రోజులు పట్టిందని అడగండి. జవాబు విన్న తరువాతనే బేరం మొదలుపెట్టండి.