పట్టుదారం తీసినట్టు

నీళ్లలో నడిచినంత నిదానంగా సాగుతున్న చెయ్యి ఉన్నట్టుండి పిడికిలై దూసుకెళుతుంది. ఆ వెంటే పాదం దబ్బున నేలను తాకుతుంది. పార్కుల్లో పెద్దవాళ్లు చేసే తైచీని మాత్రమే చూసినవారికి ఇదీ తైచీయేనంటే నమ్మబుద్ధి కాదు. ఇది చెన్ శైలి.

దీని పుట్టిల్లు చైనాలోని హెనాన్ ప్రావిన్స్‌లో ఉన్న చెన్‌జియాగౌ అనే పల్లె. వూడాంగ్ కొండల మీద ఒక తావో యోగి తైచీని కనిపెట్టాడన్న కథ అందమైనదే. కానీ 1930ల్లో ఈ పల్లెకు వెళ్లి పరిశోధించిన తాంగ్ హావో, 17వ శతాబ్దపు యోధుడు చెన్ వాంగ్‌టింగ్ దగ్గర దీని మూలాన్ని చూపాడు. అంతకుముందు శతాబ్దంలో సేనాని చీ జిగువాంగ్ తన గ్రంథంలో వివరించిన 32 భంగిమల్లో చాలావాటి పేర్లు చెన్ శైలిలోనూ ఉన్నాయి. నాకు కథకన్నా ఈ ఆధారమే బలంగా తోస్తుంది.

ఈ శైలికి ప్రాణం 'చాన్‌సిజిన్', అంటే పట్టుదారం తీసే బలం. పట్టుగూటి నుంచి దారం తీసేటప్పుడు గుంజితే తెగుతుంది, ఆపితే చిక్కుపడుతుంది. ఒకే తీరున, తిప్పుతూ లాగాలి. ఇక్కడా అంతే. పాదం నేలను నొక్కినప్పుడు పుట్టిన బలం కాలిలో మెలి తిరిగి, నడుము మీదుగా వేళ్ల కొసకు చేరాలి. మధ్యలో భుజం బిగిస్తే ఎదురు కండరాలు బ్రేకు వేస్తాయి, బలం అక్కడే ఆగిపోతుంది. నిదానంగా చేయడంలోని మర్మమూ ఇదే. వేగంగా కదిలితే ఊపు శరీరాన్ని మోసుకుపోయి తప్పుల్ని కప్పేస్తుంది. మెల్లగా కదిలితే వంగిన మోకాలి మీద బరువంతా మోస్తూ ప్రతి తప్పునూ ఒళ్లే పట్టిచ్చేస్తుంది.

19వ శతాబ్దంలో బయటి ఊరి యువకుడు యాంగ్ లూచాన్ చెన్‌జియాగౌలో చెన్ చాంగ్‌షింగ్ దగ్గర నేర్చుకుని, తర్వాత బీజింగ్‌లో నేర్పాడు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ నాటికి గెంతులు, కుదుపులు పోయి కదలికలు ఒకే వేగానికి వచ్చాయి. 1956లో ప్రభుత్వం రూపొందించిన 24 భంగిమల వరుసకు ఆధారం ఈ యాంగ్ శైలే. మన పార్కులకూ చేరినది ఎక్కువగా అదే.

చెన్ శైలి కూడా ఒకే రూపంలో లేదు. 'పాత చట్రం' అనే లావోజియాలో మొదటి వరుస నెమ్మదిగా సాగుతుంది. 'ఫిరంగి పిడికిలి' అని పేరున్న రెండోది మెరుపులా ఉంటుంది. 1928లో బీజింగ్ వెళ్లిన చెన్ ఫాకె నేర్పిన పద్ధతిలో మెలికలు ఇంకా ఎక్కువ. దాన్ని 'కొత్త చట్రం' అన్నారు. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకునేది షియావోజియా, అంటే 'చిన్న చట్రం'. అందులో వలయాలు ఎంతగా కుదించుకుపోతాయంటే, తిరుగుడు చూసేవారి కంటికి ఆనదు, ఆ చెయ్యి పట్టుకున్నవారికే తెలుస్తుంది.